పట్టపగలు పెట్టిన లైటు

ఊరికే వచ్చేది ఏదైనా సరే, మా ఉద్దానంలో దాన్ని రెండుసార్లు తిప్పి చూస్తాం. ఆ అలవాటు మాకు పుట్టుకతో వచ్చింది కాదు. కిడ్నీల జబ్బు మా ఊళ్ళను పట్టుకున్న కొత్తలో ఎవరెవరో జీపుల్లో వచ్చేవారు. రక్తం తీసేవారు, నూతి నీళ్ళు సీసాలకు పట్టేవారు, కాగితాల మీద వేలిముద్రలు వేయించుకునేవారు. మళ్ళీ వచ్చి ‘మీ రక్తంలో ఇది కనబడింది, మీ నీళ్ళలో అది కనబడింది’ అని చెప్పిన మనిషిని మాత్రం నేను చూడలేదు. నా చేతి నుంచి మూడుసార్లు తీశారు. మూడోసారి అడిగాను, మొదటి రెండూ ఏమయ్యాయని. “పైకి పంపాం” అన్నాడు వచ్చినాయన, సీసా మూత బిగిస్తూ. పైన ఎవరున్నారో నాకు ఇప్పటికీ తెలీదు.

అందుకే టెక్కలిలో ఒక డాక్టరు తెల్లటి పెట్టె ఒకటి నా ముందు పెట్టి, “దీనికి మీరేమీ ఇవ్వక్కర్లేదు, అవసరం తీరాక తెచ్చివ్వండి” అన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు. వెన్ను నిటారుగా అయింది.

ఆ పెట్టె చిన్న సూట్‌కేసంత ఉంటుంది. ముందువైపు పాలరంగు ప్లాస్టిక్ పలక, దాని వెనక ట్యూబులైట్లు. రోజూ పొద్దున్నే నా భార్యను దాని ఎదురుగా గంటసేపు కూర్చోబెట్టాలట. అలా చేస్తే రాత్రి నిద్రపోతుందట. లైటు వేసి నిద్ర తెప్పించడం! నిద్ర రావాలంటే లైటు ఆర్పమని మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ ఆమెకు చెప్పింది.

నా భార్య గురించి చెప్పాలి. కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసింది. పప్పు మీద పొట్టు తీయడంతో మొదలుపెట్టి ఏరే బల్ల దాకా వెళ్ళింది. ఏరే బల్ల అంటే కంటితో చేసే పని. విరగని గుండు పప్పు ఒకవైపు, రెండుగా చీలిన బద్ద ఒకవైపు, మచ్చ పడ్డది ఒకవైపు, నూక ఒకవైపు. ఆమె వేళ్ళు తిరుగుతుంటే కోడి గింజలు ఏరుతున్నట్టే ఉండేది. నేను అదే ఫ్యాక్టరీలో పిక్కలు కాల్చేవాణ్ణి. బడి మొహం ఎరగను. అక్షరాలు పప్పు డబ్బాల మీద నేర్చుకున్నాను, మాటలు పొట్లం కాగితాల మీద నేర్చుకున్నాను. సగం చిరిగిన వార్త చదివి మిగతా సగం ఏమై ఉంటుందా అని నెలల తరబడి ఆలోచించినవాణ్ణి. అనుమానం నాకు అక్కణ్ణుంచే అబ్బిందేమో.

రెండు వేల సంవత్సరం దాటాక, రెండు మూడేళ్ళకి ఆమెకు మతిమరుపు మొదలైంది. ముందు కూరలో ఉప్పు మరిచిపోయింది, తరవాత కూరే మరిచిపోయింది. మనుషుల పేర్లు పోయాయి. అన్నిటికన్నా చెడ్డది, పగలూ రాత్రీ తారుమారయ్యాయి. పగలంతా గదిలో మంచం మీద కునుకుతూ ఉండేది. ఊరు సద్దుమణిగాక లేచేది. జుట్టు ముడేసుకుని, చీర బిగించి, ఖాళీ క్యారేజీ చేతబట్టుకుని పనికి బయల్దేరేది. ఆ ఫ్యాక్టరీ మూతబడి అప్పటికే ఎన్నో ఏళ్ళు.

ఒకరోజు తెల్లవారేసరికి మంచం ఖాళీగా ఉంది. కాశీబుగ్గ దాకా పరుగెత్తాను. మూసిన ఫ్యాక్టరీ గేటు పట్టుకుని ఊపుతూ అరుస్తోంది. “గేటు తియ్యండర్రా, ఆలీసమైపోనాది! మేస్త్రి మజూరీ కోసీస్తాడు!” అరికాళ్ళు నెత్తురోడుతున్నాయి. ఆ దారిలో రైలుగేటు ఉంది. దాన్ని ఎలా దాటిందో, ఏ బండి ముందు దాటిందో చూసినవాళ్ళు లేరు.

ఎదురింట్లోనే నా మరదలు ఉంటుంది, నా భార్యకు చెల్లెలు. ఆమె కూడా అదే ఫ్యాక్టరీలో పొట్టు తీసిన మనిషి. ఆ సాయంత్రం కొబ్బరి తాడు ఒకటి చుట్టగా చుట్టి పట్టుకొచ్చింది.

“ఇంద బావా. మెత్తటిదే సూసి తెచ్చాను.”

“ఏటే ఇది?”

“మంచానికి కట్టడానికి. కాలికే, సెయ్యికొద్దు. మరీ బిగించీకు, లేవకుండా ఉంటే సాలు.”

“మీ అక్క ఆవేటే, కట్టీడానికి?”

“ఆవైతే తాడెందుకు బావా? సాయంత్రానికి అదే ఇంటికొచ్చీద్ది.”

ఆ మాట అన్నాక కళ్ళు తుడుచుకుంది. నేను తిట్టి పంపించాను. కానీ తాడు విసిరెయ్యలేదు. గోడ మేకుకి తగిలించాను. నిజం రాయాలి గదా, తగిలించాను. నాకప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. రాత్రంతా కాపలా కూర్చోవడం నా వల్ల కావడం లేదు. ఇంకోసారి నేను కునుకు తీసి ఆమె గుమ్మం దాటితే, ఆ తాడు దిగవలసిందేనని నాకు తెలుసు. ఆమెతో నలభై రెండేళ్ళు కాపురం చేశాను. ఒక్కనాడు చెయ్యెత్తలేదు. ఇప్పుడు కాలికి తాడు కట్టాలా?

మందుల షాపువాడు నిద్రమాత్రలిచ్చాడు. వేశాను. నిద్రపోయింది, నిజమే. తెల్లవారి లేచి తూలుకుంటూ పెరట్లోకి నడిచి బోర్లా పడింది. నుదురు చిట్లింది. వెళ్ళి అడిగితే “పెద్దవాళ్ళకి అలాగే ఉంటది తాతా, సగం వెయ్యి” అన్నాడు. సగం వేస్తే సగం పడుతుందా? మాత్రలు వాడి గల్లాపెట్టె మీద పెట్టి వచ్చేశాను. ఆ తరవాతే ఎవరో చెబితే టెక్కలి డాక్టరు దగ్గరకు వెళ్ళాం.

చిన్న వయసువాడు. మా వైపు యాస కాదు. ఆమెను చూడకుండా ముందు ఇంటి గురించి అడిగాడు, అది నాకు నచ్చలేదు.

“పగలు ఎక్కడ కూర్చుంటారు?”

“గదిలో.”

“కిటికీ ఉందా?”

“ఉండేది బాబూ. పెద్ద తుఫానుకి రెక్కలెగిరిపోతే ఇటికలు పెట్టి మూసీశాను.”

“బయట కూర్చోబెట్టరా?”

“కూర్చోబెడితే లేచి ఫ్యాక్టరీకి పోతాది. ఇప్పుడు వానలు కూడానూ.”

అప్పుడు చెప్పాడు. మనిషి ఒంట్లో గడియారం లాంటిది ఒకటుంటుందట. పొద్దుటి వెలుతురు కంట్లో పడితేనే దానికి తెల్లవారినట్టు తెలుస్తుందట. ఈ జబ్బులో ఆ గడియారం ముందే బలహీనపడుతుంది, పైగా చీకటి గదిలో కూర్చుంటే దానికి పగలేదో రాత్రేదో తెలియదు అన్నాడు. ఎండ దొరికితే ఎండే మేలట. దొరకనప్పుడు ఈ పెట్టె.

“ఇది పెడితే తగ్గిపోద్దా?”

“మతిమరుపు తగ్గదు. నిద్ర కొందరికి మెరుగుపడింది, కొందరికి పడలేదు. ఈవిడకి ఏమవుతుందో నేను చెప్పలేను.”

ఇదెక్కడి వైద్యం? అబద్ధం చెప్పే డాక్టర్లను నేను చాలామందిని చూశాను, వాళ్ళతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు. తెలియదని చెప్పే డాక్టరుతో ఏం మాట్లాడాలి? ఊరికే ఇస్తున్నాడు, పనిచేస్తుందో లేదో తెలియదంటున్నాడు, ఏమైందో వచ్చి చెప్పమంటున్నాడు. నాకు నూతి నీళ్ళ సీసాలు గుర్తుకొచ్చాయి. మళ్ళీ మా మీదే పరీక్ష పెట్టి చూసుకుంటున్నారు అనుకున్నాను. అయినా ఆమె కళ్ళు కళ్ళడాక్టరుకు చూపించి, ఫరవాలేదన్న చీటీ తెచ్చేదాకా ఆయన పెట్టె ఇవ్వలేదు. అది కూడా ఒక ఎత్తేనేమో అనిపించింది.

వెలుతురు గురించి నాకు ఇంకో పాత లెక్క ఉంది. మా ఫ్యాక్టరీలో ఏరే బల్ల మీద మొదట్లో లైట్లుండేవి కావు. పొద్దుగుంకితే పప్పు కనబడదు, ఆడవాళ్ళు ఇళ్ళకు వెళ్ళేవారు. ఒక ఏడు దసరా ముందు యజమాని బల్ల మీద నాలుగు ట్యూబులైట్లు వేయించాడు. “మీ కళ్ళు పాడైపోతున్నాయమ్మా” అన్నాడు. అందరూ దండం పెట్టారు. ఆ రోజునుంచి ఇంటికెళ్ళే వేళంటూ లేకుండా పోయింది. లైట్లు ఆర్పితేనే లేవాలి, ఆర్పేది మేస్త్రి. ఊరికే వెలుతురిచ్చిన మనుషుల్లో అంతవరకు నేనెరిగింది ఆయనొక్కణ్ణే.

అందుచేత పెట్టె ఇంటికి తెచ్చాక ముందు మూడు రోజులు నేనే దాని ముందు కూర్చున్నాను. నాకేమీ కాలేదు. కళ్ళు మండలేదు, తల తిరగలేదు. ఏమీ కాకపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది.

నాలుగో రోజు పొద్దున్న ఆమెను పీట మీద కూర్చోబెట్టి లైటు వేశాను. గదంతా తెల్లగా అయిపోయింది. సరిగ్గా అప్పుడే మరదలు నీళ్ళబిందెతో లోపలికొచ్చింది. బిందె దించకుండానే అరిచింది.

“ఏటి బావా ఇది! పట్టపగలు మనిషి ముందర దీపమెట్టి కూసోబెట్టీసినావు? మా అక్క ఇంకా బతికే ఉంది!”

“దీపం కాదే, వైద్యం.”

“తెల్లారినాక మనిషి కాడ దీపమెప్పుడెడతారు? సెప్పు. నీకు తెల్దేటి?”

తెలుసు. మా ఇళ్ళలో పోయిన మనిషి తల దగ్గర పగలయినా రాత్రయినా దీపం వెలుగుతుంది. బతికున్న మనిషి దగ్గర పగలు దీపం పెట్టరు. మరదలి నోటికి నేను భయపడలేదు. కానీ ఆ తెల్లటి వెలుగులో నా భార్య కళ్ళు మూసుకుని తల వాల్చి కూర్చుంది, ముఖంలో రంగు లేదు. లేచి లైటు ఆర్పేశాను.

అప్పుడు నాకొక తెలివి పుట్టింది. దీపాలు పెట్టేవేళ దీపం పెడితే ఎవరూ ఏమీ అనరు గదా! అన్నం పగలు తిన్నా రాత్రి తిన్నా కడుపు నిండుతుంది. వెలుతురూ అంతే అయి ఉంటుంది. సాయంత్రం సంధ్యదీపం పెట్టాక పెట్టె వేయడం మొదలుపెట్టాను. డాక్టరు ‘పొద్దున్న’ అన్న మాట నాకు గుర్తుంది. లక్ష్యపెట్టలేదు.

మొదటి రెండు రోజులు నేను గెలిచాననుకున్నాను. పగలు మొద్దులా ఉండే మనిషి ఆ లైటు ముందు నిటారుగా కూర్చుంది. వేళ్ళు కదిలాయి. ఒళ్ళో చీరకుచ్చెళ్ళ మీద ఏదో ఏరి పక్కకు పెడుతోంది. నా వైపు చూసి మాట్లాడింది కూడా.

“మేస్త్రీ, ఈ బస్తాలో నూకెక్కువున్నాది. పిక్కలు కొట్టినోల్లని అడుగు, నన్నడక్కు.”

నేను ఆమెకు మేస్త్రినయ్యాను. పోనీలే, మాట్లాడింది చాలు అనుకున్నాను.

తరవాత తెలిసింది. లైటు ఆర్పినా లేవదు. “ఇంకా రెండు బస్తాలున్నాయి” అంటుంది. పడుకోబెడితే లేస్తుంది. అర్ధరాత్రి దాటాకయినా కాస్త కునుకు తీసే మనిషి కోడికూసేదాకా కూర్చోవడం మొదలుపెట్టింది. పది రోజులు అలా గడిచాయి. పదో రాత్రి నా కన్ను అంటుకుంది. గడియ చప్పుడుకి లేచేసరికి ఆమె వీధి మలుపు దగ్గరుంది, చేతిలో క్యారేజీ.

తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాను. మేకు మీద తాడు దింపాను. ఒక కొస మంచం కోడుకి కట్టాను. రెండో కొస పట్టుకుని ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆమె వంగి చూసింది. భయపడుతుందనుకున్నాను.

“ముడి గట్టిగా వెయ్యి మేస్త్రీ,” అంది. “బస్తా జారిపోద్ది.”

తాడు కొస నా చేతిలోనే ఉండిపోయింది. తెల్లవారేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఆమె కాలికి చుట్టలేదు. చుట్టేవాణ్ణి, ఆ మాట అనకపోతే.

తెల్లవారగానే మరదల్ని కాపలా పెట్టి, పెట్టె చంకన పెట్టుకుని టెక్కలి బస్సెక్కాను. దారిపొడుగునా ఏం తిట్టాలో వరసగా పేర్చుకున్నాను. డాక్టరు గదిలోకి తోసుకుని వెళ్ళి పెట్టె ఆయన బల్ల మీద పెట్టాను. లోపల కూర్చున్న రోగి లేచి నిలబడ్డాడు.

“ఇదిగో బాబూ, మీ ఊరికే ఇచ్చిన సరుకు. ఉన్న నిద్ర కూడా పోనాది. ఇంకెవరి మీదైనా సూసుకోండి.”

ఆయన కోప్పడలేదు. “ఏ వేళ పెట్టారు?” అన్నాడు.

దారిపొడుగునా పేర్చుకున్న వరసలో ఆ ప్రశ్న లేదు.

“సాయంత్రం.”

“పొద్దున్న అని చెప్పాను కదండీ! సాయంత్రం పెడితే ఇంకా పగలే ఉందనుకుంటుంది ఒళ్ళు. నిద్ర ఇంకా ఆలస్యమవుతుంది.” ఇప్పుడు కోపం వచ్చింది ఆయనకు. “ఎందుకలా చేశారు?”

“పట్టపగలు మనిషి ముందర దీపం పెడితే దాన్నేమంటారో మీకు తెల్దు. మీది ఈ ఊరు కాదు.”

డాక్టరు పెట్టె పక్కకు జరిపాడు. “మా ఊళ్ళోనూ అదే అంటారు,” అన్నాడు. “మా నాన్న తల దగ్గర నేనే పెట్టాను. మీకు ముందే చెప్పవలసింది. నాకు తట్టలేదు.”

తప్పు నాది. పంచుకుంటున్నాడు. దానికీ అనుమానపడ్డాను, కానీ మునుపటంత గట్టిగా కాదు. కూర్చుని అంతా చెప్పాను. ఫ్యాక్టరీ, నాలుగు ట్యూబులైట్లు, ఒళ్ళో వేళ్ళు ఏరడం, మేస్త్రి. తాడు సంగతి చెప్పలేదు. ఆయన విని, “అయితే అది దీపం కాదు, ఆవిడకి పని లైటు,” అన్నాడు. “పొద్దున్న పనిలోకి దిగినట్టు కూర్చోబెట్టండి. గంట కాగానే ఆర్పెయ్యండి. పగలు ఎక్కువ కునకనివ్వకండి.”

పెట్టె మళ్ళీ చంకన పెట్టుకున్నాను. కాశీబుగ్గలో దిగి గుండూ బద్దా నూకా కొంచెం కొంచెం కొని ఒకే పొట్లంలో కలిపించాను. కొట్టువాడు నాకు పిచ్చెక్కిందనుకున్నాడు. ఏరి అమ్మే ఊళ్ళో కలిపి కొన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మర్నాడు పొద్దున్న పప్పు చేటలో పోసి ఆమె ముందు పెట్టాను. చేటకు అవతల, చెయ్యి చాచినంత దూరంలో పెట్టె. మరదలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“మళ్ళీ ఎట్టినావు?”

“దీపం కాదిది. ఫ్యాక్టరీ లైటు. నివ్వూ కూసో, ఎదురుగా. పనిలోకొచ్చినట్టే.”

“నాకు కూలెంతేటి?”

“మీ మేస్త్రినడుగు.”

నవ్వుకుంటూ కూర్చుంది. కాసేపటికి మరదలి చేతులు కూడా చేటలోకి వెళ్ళాయి. నా భార్య ఒక్కసారి ఆ చేతిమీద కొట్టింది.

“అది గుండేటే? కొస ఇరిగినాది, సూడు. బద్దలో ఎయ్యి.”

“ఇరగలేదే అక్కా!”

“నీకు కళ్ళున్నాయేటి? పొట్టు తీసినోల్లకి ఏరడమేటి తెలుస్తాది!”

మరదలు నా వైపు తిరిగింది. ముప్పై ఏళ్ళ కిందట తిన్న తిట్టు మళ్ళీ తిన్నందుకు కళ్ళనిండా నీళ్ళు, మొహంనిండా నవ్వు. “సూసినావా బావా, నన్ను గుర్తుపట్టింది,” అంది. గుర్తుపట్టిందో, ఆ బల్ల దగ్గర ఎప్పుడూ ఉండే ఎవర్నో తిట్టిందో నాకు తెలీదు.

రోజూ గంట. కరెంటు పోయిన రోజు ఉండేది కాదు. ఏరిందంతా నేను వెనకాల కలిపేసేవాణ్ణి, మర్నాడు మళ్ళీ ఏరేది. ఆ మోసం ఒకటి నా మీద ఉంది. మొదటి వారం ఏమీ మారలేదు. రెండో వారంలో ఒకరోజు నేను లేచేసరికి ఆమె పడుకునే ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి వస్తోంది. ఆ తరవాత నిద్ర తెల్లవారుజామున నాలుగింటి దాకా సాగింది. కొన్ని రాత్రులు తప్పిపోయింది, అవీ దాచను. నాలుగింటికి లేచి జుట్టు ముడేసుకునేది. అది ఫ్యాక్టరీ రోజుల్లో ఆమె ఎప్పుడూ లేచే వేళే.

లైటు వల్లేనా? నాకిప్పటికీ నమ్మకం కుదరలేదు. చేతికి పని దొరికి పగలు కునుకు తగ్గిందేమో. పక్కన చెల్లెలు వాగుతూ ఉన్నందువల్లేమో. వానలు తగ్గాక ఒకరోజు గడ్డపలుగుతో కిటికీలో ఇటికలు కొట్టేశాను. సముద్రం వైపు కిటికీ అది. పొద్దు పొడవగానే ఎండ వచ్చి చేటలో పడింది. చూసి నాకు నామీదే కోపం వచ్చింది. నాలుగేళ్ళు ఆ వెలుతురు ఇటికల అవతలే ఉంది.

మంచుకాలం వచ్చి ఎండ నిలకడ అయ్యాక పెట్టె తిరిగి ఇచ్చేయాలనుకున్నాను. బస్సులో మోయడానికి ఏదైనా కట్టాలి. చుట్టూ చూస్తే మేకు మీద కొబ్బరి తాడే ఉంది. దానితోనే కట్టాను, అడ్డంగా రెండు, నిలువుగా రెండు, పైన చెయ్యి పట్టుకోవడానికి ఒక ముడి.

డాక్టరు విప్పబోయి, “తాడు కొత్తదిలా ఉంది, కోసెయ్యమంటారా?” అన్నాడు.

“కొయ్యొద్దు. నేను విప్పుకుంటాను.”

విప్పుతూ ఉండగా అడిగాడు, పనిచేసిందా అని. “నిద్రపోతాంది. దీని వల్లో కాదో సెప్పలేను,” అన్నాను. “నాకూ అంతే,” అని పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నా లోపల పాత మనిషి లేచాడు.

“ఏటి రాసినారు? సూపించండి.”

పుస్తకం నా వైపు తిప్పాడు. సగం ఇంగ్లీషు. వేలు పెట్టి ఒక్కొక్క ముక్కకూ తెలుగు చెప్పాడు: మొదట సాయంత్రం పెట్టారు, చెడింది, తరవాత పొద్దున్న పెట్టారు, ఎదురుగా చేటలో పప్పు, పక్కన చెల్లెలు, నిద్ర పెరిగింది, దేనివల్లో తెలియదు. ఇంతకుముందు మా నుంచి తీసుకున్నది ఎవరూ మాకు చదివి వినిపించలేదు. ఒక మాట తక్కువైతే చెప్పాను. “చెల్లెలికి కూడా తిట్లు పడ్డాయి, అదీ రాయండి.” రాశాడు.

తాడు చుట్టచుట్టి సంచిలో వేసుకున్నాను. ఇంటికొచ్చాక మళ్ళీ మేకు దగ్గరకు వెళ్ళలేదు. నూతి గిలక మీద పాత చేద తాడు చివికి ఉంది. దాన్ని తీసేసి దీన్ని వేశాను. మరదలు బిందెతో వచ్చి, తాడు గుర్తుపట్టి, ఒకసారి వేళ్ళతో తడిమింది. తరవాత చేద దించింది.